మూడో సూది

మలక్‌పేటలో రైలు పోయినప్పుడల్లా
మా డయాలసిస్ వార్డులో మందుసీసాలు సన్నగా మోగుతాయి.

పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది:
సిబ్బంది అంతా కామెర్ల టీకా వేయించుకోవాలి.
ఈరోజొకటి, నెల తిరిగాక ఒకటి, ఆర్నెల్లకు మూడోది.
రోగులకైతే మోతాదు రెట్టింపు.
ఆ మాట విని ఖుర్షీద్ బేగం
నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు గుచ్చించుకుంటున్న చెయ్యి చాపి నవ్వింది.
"దీన్ల ఇంకా జాగా ఉంటే వెయ్, బేటీ."

రిజిస్టరులో గీతలు కొట్టాను.
డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు.
చిన్న డాక్టరు మూడు రోజులు తప్పించుకు తిరిగాడు;
సూదంటే భయమని అప్పుడే తెలిసింది మా అందరికీ.

పేజీ నిండింది.
నా కాళ్ల దగ్గర సాయవ్వ గుడ్డ పిండుతోంది.
వాడిన సూదుల డబ్బా మోసేది ఆమె,
మంచం కిందికి దొర్లిన సూదిని వెతికేది ఆమె.
పేజీలో ఆమెకు గీత లేదు.

"నాకెందుకు సిస్టరమ్మా, నేనేమన్న సూది పడ్తనా?"
పట్టవు. ఏరతావు.
పట్టేవాళ్లకు మొన ఎటుందో ముందే తెలుసు.
ఏరేవాళ్లకు
దిగాక తెలుస్తుంది.

ఏజెన్సీ వాళ్లవి ఆరు పేర్లు రాశాను,
పెన్సిల్‌తో,
సూపరింటెండెంటు ఇంకా ఊఁ అనలేదు కనక.

మొదటిది ఎడమ జబ్బకిచ్చాను, అలవాటు కొద్దీ.
రెండోదీ ఎడమకే.
రెండు సాయంత్రాలూ ఆమె మాపు పిండలేక
మోకాళ్ల మధ్య పెట్టి నొక్కడం చూశాను,
ఎందుకని అడగలేదు.

ఐదో నెలలో టెండరు మారింది.
కొత్త ఏజెన్సీ, కొత్త నీలం చొక్కాలు.
టీకాకు ఆర్నెల్లు కావాలి,
కాంట్రాక్టు ఐదుతోనే సరిపెట్టుకుంది.

ఫోన్లు చేశాను.
రెండు నంబర్లు లేనే లేవన్నాయి.
ఒకామె నారాయణపేట వెళ్లిపోయింది.
ఒకామె "బస్సు కిరాయి ఇస్తరా?" అనడిగింది,
నా దగ్గర జవాబు లేదు.
ఫ్రిజ్‌లో ఆరు సీసాలు,
రెండుకూ ఎనిమిదికీ మధ్య చలిలో,
ఆరుగురి కోసం.

చాదర్‌ఘాట్ వంతెన మీద బండ్లన్నీ నిలిచిపోయిన
వాన గురువారం
సాయవ్వ వచ్చింది.
ఇప్పుడు ఉప్పల్లో ఏదో మాల్‌లో తుడుస్తోందట.
సగం రోజు జీతం వదులుకుని, రెండు బస్సులు మారి.
సంచిలోంచి కార్డు తీసింది:
నాలుగు మడతలు, వక్కపొడి వాసన.

కూర్చోబోతూ, పాత అలవాటు,
వంగి మంచం కిందికి ఓసారి చూసింది.
తర్వాత కుడి జబ్బ ముందుకు పెట్టింది.

"గీసారి దీనికియ్యి. నాది పుర్రచెయ్యి."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"అప్పుడు మీ కాడ పని జేస్తుంటి గద."

ఆమె పేరు మీద పెన్నుతో దిద్దాను.
తక్కిన ఐదూ పెన్సిల్లోనే ఉన్నాయి,
రెండు అప్పుడే చెరిగిపోతున్నాయి.

తలుపు దగ్గర నీలం చొక్కా పిల్ల ఒకతి
సూదుల డబ్బా ఎత్తుతోంది.
వచ్చి నెల దాటింది.
పేరు అడగాలి.
ఏ చెయ్యో కూడా.