బఠాణీల సంచి

ఫ్రీజర్ పై అరలో బఠాణీల సంచి ఒకటుంది.
వండడానికి కాదు.
దాని మీద నీలం పెన్నుతో రాసిపెట్టాను: చెయ్యి.
రోజుకు మూడుసార్లు, పది నిమిషాలు,
మధ్యలో ఓ పాత తువ్వాలు.
నా కుడి మణికట్టు దాని కింద
అలిగిన పిల్లలా గోడవైపు తిరిగి పడుకుంటుంది.

తప్పు నాదే.
నవంబరు శుక్రవారం, షెఫీల్డ్‌లో, వాక్లీ కొండమీది పబ్బులో.
వాన్‌లోంచి సామాను దించిన చేతులు,
బేస్ డ్రమ్ము మెట్లెక్కించిన నడుము
ఇంకా చలి విదిలించుకోకముందే
వన్, టూ అన్నాడు గారెత్.
స్టూలు రెండంగుళాలు తక్కువైంది. తెలుసు.
మర తిప్పడానికి బద్ధకం.
రెండో సెట్టులో, బొటనవేలి మొదట్లో
సన్నటి తీగేదో గీరుకుంది.
ఇంకా గట్టిగా కొట్టాను.
ఎందుకంటే

నా తొమ్మిదో ఏట, తెనాలిలో,
నాగలింగం మాస్టారు మృదంగం ముందు కూచోబెట్టి చెప్పారు:
చర్మం చిట్లితేనే చేతికి చదువొచ్చినట్టు.
చూపుడువేలు పగిలిన రోజు
వీధంతా తిరిగి చూపించుకున్నాను.
కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్ళీ కూచున్నాను.
ముప్పై ఏళ్ళు నొప్పిని
మెడలో పతకంలా వేసుకు తిరిగాను.

ఫిజియోథెరపిస్టు, హెప్‌వర్త్ గారు,
కందిపప్పులో రాళ్ళేరుతున్నంత ఓపిగ్గా
నా మణికట్టు తడిమారు. నొక్కారు.
అబ్బా అన్నాను, తెలుగులో.
అక్కడేనన్నమాట అన్నారు, ఇంగ్లీషులో.
కర్రలు తెచ్చావుగా, పట్టుకో.
పట్టుకున్నాను.
"ఎవరైనా లాక్కుంటారని భయమా?"

ఆ మాట బస్సెక్కి నాతోపాటు ఇంటికొచ్చింది.

ఆరు వారాలు. మొదటి రెండూ కర్ర ముట్టకూడదు.
సీసా మూతలు తిప్పకూడదు, మూకుడు ఒంటిచేత్తో ఎత్తకూడదు,
చపాతీ పిండి కలపకూడదు (ఇది మాత్రం పండగ).
కాని ఎడంచెయ్యి మాట వినదు,
సింకు అంచుమీద, బస్సు కిటికీమీద,
చివరికి నిద్రలో మా ఆయన వీపుమీద.

పక్కింటి బర్కిన్‌షా గారిది
ఉక్కు కార్ఖానాలో ముప్పైనాలుగేళ్ళ సానపని.
చలికాలం ఆయన వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడతాయి.
చొక్కా పై గుండీ పెట్టుకోలేక తలుపు కొట్టాడు.
నేను ఎడంచేత్తో తంటాలు పడుతుంటే
మెడ ఎత్తి నిలబడి, పైకప్పుకేసి చూస్తూ అన్నాడు:
"మమ్మల్ని ఆగమని ఎవరూ చెప్పలేదు తల్లీ.
చెప్పినా ఆగేవాళ్ళం కాదులే. వారం కూలి."
గుండీ పడింది.
"నీకు చెప్పారటగా," అన్నాడు, అంతే.
వెళ్ళిపోయాడు.

మూడోవారం, దిండుమీద, ఐదు నిమిషాలు.
నాలుగోవారం, రబ్బరు పలకమీద, పది.
కర్రను వదిలితే పడుతుంది,
పడితే దానంతటదే లేస్తుంది.
లేపాల్సిన పని నాది కాదట.
ముప్పై ఏళ్ళుగా ఆ పనీ నేనే చేస్తున్నాను!

ఫిబ్రవరి. అదే పబ్బు. అదే మెట్లు.
బేస్ డ్రమ్ము గారెత్ మోశాడు, సణుక్కుంటూ.
వంటగదిలో వేడినీళ్ళ కుళాయి కింద చేతులు పెట్టాను.
స్టూలు మర తిప్పాను, రెండంగుళాలు, ఇంకో అర.
చెవుల్లో బిరడాలు.
వన్ అన్నాడు గారెత్.
ఆగు అన్నాను.
భుజాలు వెనక్కి, ముందుకి,
వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, ముడిచి, మళ్ళీ విప్పి.
ముందు బల్లదగ్గర ఎవరో దగ్గారు.
అందరూ నాకోసం కూచున్నారు.
ఇంత చోటుందని ఇన్నాళ్ళూ తెలీదు,
వన్‌కూ టూకూ మధ్య.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట.
చెయ్యి బరువుగా ఉంది.
అలసటో నొప్పో ఇంకా సరిగా పోల్చుకోలేను.
తెల్లారేదాకా ఉంటే నొప్పి అన్నారు హెప్‌వర్త్ గారు.
ఫ్రీజర్ తెరిచి, మూసి,
దీపం ఆర్పాను.
చూద్దాం.