చిట్టా ముందు

రాత్రి రెండూ పదమూడుకి రాజోలు మొత్తం కరెంటు పోయింది.
గాలి అప్పటికే అంతర్వేది దాటి లోపలికొచ్చేసింది.
ఐసు ఫ్యాక్టరీ పైగదిలో
యూపీఎస్ మూడుసార్లు కూసి ఊరుకుంది.
సర్వరు ఫ్యాను నెమ్మదించి నెమ్మదించి ఆగిన చప్పుడు
ఇంకా నా చెవిలోనే ఉంది.

తుఫానని తొందరపడి పట్టిన రొయ్యలవి,
చెల్లుబోయిన ఏడుకొండలు చెరువువి,
నాలుగువందల పన్నెండు కిలోలు, అరవై కౌంటు.
అతని ఖాతాలో లక్షా ఏడువేల నూట ఇరవై పెరిగింది.
కంపెనీ ఖాతాలో ఇంకా తగ్గలేదు.
ఆ రెండు గీతల మధ్యన చీకటి పడింది.

రైసుమిల్లులో ముప్పయ్యేళ్ళు పద్దులు రాసిన కడలి నూకరత్నం
నాకు కంప్యూటరు నేర్పలేదు,
దాని ధర్మం నేర్పింది.
"ముందు చిట్టా రాయి బాబూ, ఆవర్జా ఎక్కడికీ పోదు.
సిరా ఆరాక అప్పుడు ముట్టుకో.
ఆవర్జా తడిసిపోతే చిట్టా చూసి రాసుకోవచ్చు.
చిట్టా లేని ఆవర్జా ఒట్టి నమ్మకం, ఆయ్."

నేను రాసిన ఇంజనూ అంతే.
పేజీని తాకే ముందు లాగులో ఒక వరస, వరసకో నంబరు.
చేరిందా అని డిస్కునడుగుతుంది.
చేరిందంటేనే కదులుతుంది.

నాలుగింటికి జనరేటరు లేచింది.
ఆఖరి చెక్‌పాయింటు నుంచి
లాగు తన్ను తాను చదువుకుంటూ వచ్చింది,
అన్నీ మళ్ళీ చేసుకుంటూ, ముగిసినవీ ముగియనివీ,
సరిగ్గా ఆ చీకటి అంచు దాకా.
అక్కడ వెనక్కి తిరిగింది.
కమిట్ అనే మాట లేని ప్రతి పనినీ
చివర్నుంచి మొదటికి విప్పింది.
నడుమ డీజిలైపోయి జనరేటరు మళ్ళీ ఆగింది.
పర్లేదు. విప్పిందాన్ని కూడా రాసుకుంటూనే విప్పుతుంది,
రెండోసారి లేచి అదే ముడి వెతకదు.

తెల్లారేసరికి ఏడుకొండలు రొయ్యలమ్మనే లేదు.
ఖాతాలు రెండూ నిన్న సాయంత్రంలా ఉన్నాయి.
లెక్క కుదిరింది. టీ తాగాను.

ఏడింటికి వచ్చాడతను, మోకాళ్ళ దాకా బురద.
వెనకాల మేతకొట్టు బుల్లియ్య,
గుప్పిట్లో చింపేసిన ప్రామిసరీ నోటు.
"డబ్బు పడిందని కొట్లో తెర మీద చూశానండీ,
రెండూ పన్నెండుకి.
బాకీ తీరిందని అప్పుడే చింపేశాను."

కాలవ మీద లాకు చూశారా మీరు.
పడవ గదిలోకొచ్చాక వెనక తలుపు మూస్తారు,
ముందు తలుపు తియ్యరు.
ఆ కాసేపూ అది పైనీళ్ళదీ కాదు, కిందినీళ్ళదీ కాదు.
లోపల మట్టం ఎంత లేచిందో
గట్టు మీదోళ్ళకి పని లేదు.
మార్చిలో రద్దీ ఎక్కువై అందరూ కసురుకుంటుంటే
ఆ తలుపుకి సందు పెట్టింది నేనే.
ముగియనిదాన్ని కూడా చదవనివ్వమని
ఒక్క మాట మార్చాను.
పని చకచకా సాగింది. మెచ్చుకున్నారు కూడా.

లాగు అన్నీ విప్పింది.
బుల్లియ్య గుప్పిట్లో కాగితాన్ని విప్పలేకపోయింది.

ఏమీ మాట్లాడకుండా మార్చిన మాట మళ్ళీ మార్చాను.
ఐసులోంచి తీసి రొయ్యలు మళ్ళీ తూచారు.
నాలుగువందల తొమ్మిది.
మూడు కిలోలు రాత్రికి రాత్రే నీరైపోయాయి,
అవి ఏ లాగులోనూ లేవు.
ఆ మూడూ నా జీతంలో రాసుకోమన్నాను.
ఏడుకొండలు వద్దనలేదు.

అంకెలు కొట్టాను.
బుల్లియ్య తెర వైపు మెడ సాచాడు. ఏమీ కనబడలేదు.
"పడిందాండీ?"
"ఆగండి."

డిస్కు దీపం ఒకసారి వెలిగి ఆరింది.

"ఇప్పుడు చూడండి."