అయిదో వేలు

మంగళవారం మాకు కరెంటు సెలవు.
చీమకుర్తిలో రెండున్నర బస్సు.
కిటికీ కడ్డీకి రాతిపొడి, నా గోళ్లలోనూ అదే.
ఒంగోలు సంతపేటలో దిగి, ఇనప గేటు ముందు
చేతులు ఇంకోసారి చూసుకుంటాను.

కెజియా టీచరు వెంటనే వాయించమనదు.
సత్తు గిన్నెలో ఉప్పేసిన వేన్నీళ్లు పెట్టి
"నానబెట్టు" అంటుంది,
"వారమంతా రాతిని పట్టిన చెయ్యి,
కాసేపు దాని మానాన దాన్ని ఉండనీ."

నా ముందు పాఠం వకీలుగారి మనవరాలిది.
దాని కాళ్లు నేలకి అందవు.
పోతూ పోతూ నా మీసం చూసి నవ్వుతుంది.
ఇద్దర్నీ కలిపి ఎప్పుడూ కూర్చోబెట్టదు టీచరు,
ఎవరి చెయ్యి వాళ్లదంటుంది.

మూడేళ్ల కింద
ఆమె వంటింటి గట్టుకి రాయి పరచడానికొచ్చాను.
లోపల ఎవరో మూడేసి లెక్కలుగా
ఏదో చిన్న నాట్యం వాయిస్తున్నారు.
కొలత మర్చిపోయాను. రాయి అంగుళం తక్కువైంది.
ఆ అంగుళం గోడవార సిమెంటుతో పూడ్చి ఇప్పటికీ ఉంది.
ఈ వయసులో ఇతనెట్టా దొరికాడని ఎవరన్నా అడిగితే
వంటింట్లోకి తీసుకెళ్లి దాన్నే చూపిస్తుంది.

నా ఎడమ చిటికెన వేలికి పై కణుపు లేదు.
స్లాబు జారిన రోజు పోయింది.
పుస్తకంలో కింది స్వరానికి అయిదో వేలని అంకె వేసుంది.
మొదటి పాఠం రోజు నా చెయ్యి తిప్పి తిప్పి చూసి
బ్లేడుతో ఆ అయిదుని గీకేసింది,
పెన్సిలుతో నాలుగు రాసింది.
"పుస్తకం రాసినాయన నీ చెయ్యి చూళ్లేదయ్యా. నేను చూశాను."

ఒక్కచోట మాత్రం నాలుగో వేలు అందదు. దూరం.
అక్కడికి రాగానే ఎడమ పక్కనుంచి
అమృతాంజనం వాసనతో ఆమె వేలొచ్చేది,
నా బదులు నొక్కి వెళ్లిపోయేది.

పాలిష్ పట్టడం నాకు తెలుసు.
అరవై నెంబరు రాయితో మొదలెట్టాలి,
మూడు వేల నెంబరు దాకా పోవాలి.
మధ్యలో ఒక్క నెంబరు ఎగ్గొట్టినా
నలుపు మెరుస్తుంది గానీ లోపల గీత కనపడుతుంది.
ఈ మాట చెబితే టీచరు చాలాసేపు ఊరుకుని
"ఇంకా అరవైలోనే ఉన్నాం" అంది.

తుఫాను రోజుల్లో కొత్తపట్నం గాలికి చెక్క ఉబ్బి
నడిమి మెట్టొకటి దిగితే లేవదు.
తల పిన్నుతో లేపుతుంది, తిట్టుకుంటూ.
దొరల కాలపు పియానో, దాని మొండితనం దానిది.

మొన్న ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర
"బ్లేడు అరిగింది, జీలో ఉండే కూత ఎఫ్‌కి దిగింది" అన్నాను.
మాల్యాద్రి నా నుదుటి మీద చెయ్యేసి చూశాడు.
బ్లేడు విప్పితే పళ్లు నిజంగానే పోయున్నాయి.

ఈ మంగళవారం ఆ చోటొచ్చేసరికి
టీచరు చేతులు ఒళ్లోనే ఉన్నాయి.
నాలుగో వేలు ఎగిరి
పక్క మెట్టు మీద పడింది.
"మళ్లీ" అంది.
మళ్లీ పక్కదే.
మూడోసారి, లేని కణుపు దురద పెట్టింది.
యాడ దిగాలో దానికి తెలుసు.
అది ముందు పోయింది,
దాని వెనకాలే నాలుగోది పోయింది.

టీచరు ఏమీ అనలేదు.
పెన్సిలు అంకె చెరిపి, అదే అంకె పెన్నుతో దిద్దింది.
ఫీజు లెక్కబెట్టుకుని,
వకీలుగారి మనవరాలు మర్చిపోయిన రిబ్బను
చేతికి చుట్టుకుంటూ గేటు దాకా వచ్చింది.

బస్సులో ముందు సీటు కడ్డీ మీద నాలుగు వేళ్లూ నడుస్తున్నాయి.
కండక్టరు వచ్చి "ఎన్ని?" అన్నాడు.
"మూడు" అన్నాను.
చీమకుర్తికి మూడు టికెట్లు కొట్టిచ్చాడు.
రెండు ఇంకా జేబులోనే ఉన్నాయి.