సన్నజాజి, సంపంగి, సేవంతిగె

నీట్ ఎండీఎస్ ఫలితాలు వచ్చిన సాయంత్రం
విజయనగర లైబ్రరీ మెట్ల మీద
ఫోన్ వెలుగులో ర్యాంకు చూసుకున్నాను:
నాలుగు వేల ముప్పై ఏడు.
ఏడ్చేంత చెడ్డదీ కాదు,
మిఠాయి పంచేంత మంచిదీ కాదు.
చిక్‌పేటలో చీరల కొట్టు లెక్కలు రాసే నాన్న
ఆ అంకెను రెండుసార్లు చదివి
"ఇందులో మనకు మిగిలేదెంతమ్మా?" అన్నాడు.

మిగిలేవాటి లెక్క అందరికీ నోటికే వచ్చు.
ఆర్థో అంటే తీగలు, తీగలంటే డబ్బు.
సర్జరీ అంటే రాత్రులుండవు.
అయినా ఫర్హీన్‌కి విరిగిన దవడలంటే ప్రాణం,
హొసూరు రోడ్డు ఉన్నంతకాలం
తనకు పని తప్పదంటుంది.
పిల్లల పళ్ళా? వేలు కొరికించుకునే ఓపిక ఉండాలి.
పాథాలజీ పేరెత్తితే
అయ్యో పాపమని అందరూ టీ తెప్పిస్తారు.
కట్టుడు పళ్ళ గురించి
ఎవరూ ఏమీ అనలేదు.

కిందటి శ్రావణంలో, ఇంటర్న్‌షిప్‌లో,
నా కుర్చీలోకి శేషమ్మ వచ్చింది.
ములబాగిలు దగ్గరి మనిషి, మార్కెట్లో పూలమ్ముతుంది.
ఒక్క పన్నూ లేదు.
ఓపీ చీటీ రాసే కుర్రాడు
మూడుసార్లు పేరడిగి, విసిగి
"హేహమ్మ" అని రాసిచ్చాడు.

ఐదు రాకలు. అచ్చులు, కొలతలు, మైనం.
మైనంలో పళ్ళు పేర్చిన ట్రయల్ రోజున
పుస్తకంలో ఉన్నట్టే
ఇంగ్లీషులో అరవై నుంచి డెబ్బై దాకా లెక్కపెట్టమన్నాను.
ఆమెకు రాదు.
తెలుగు అరవైలలో నాకు కావలసిన సకారం లేదు.
సరే, నీ పూలను పిలువమ్మా అన్నాను.

గొంతు సవరించుకుంది.
సన్నజాజి. సంపంగి. సేవంతిగె.
పై వరసకూ కింది వరసకూ మధ్య
వెంట్రుకంత సందులోంచి
గాలి సన్నగా, సరిగ్గా జారింది.
విరజాజి, అంది.
కింది పెదవి లేచి
నేను పేర్చిన అంచును తాకి వచ్చింది.
చివర్లో, నేనడగకుండానే,
"శేషమ్మ".
పక్క కుర్చీలో నోట్లో దూదితో ఉన్నాయన
తల తిప్పి చూశాడు.

అందుకే ప్రోస్థో తీసుకున్నానని
అడిగినవాళ్ళందరికీ చెబుతుంటాను.
కథ బాగుంటుంది. వింటారు.

నిజానికి, ఛాయిస్‌లు లాక్ చేసే రాత్రి
పదకొండు నలభైకి
నా జాబితాలో మొదటి తొమ్మిది వరసలూ ఆర్థోయే.
పదోది ప్రోస్థో.
శేషమ్మ ఆ రాత్రి గుర్తుకే రాలేదు.
గుర్తొచ్చినవి ఫీజులు, బాండ్లు,
నాన్న చెవి మీది పెన్సిలు.
రెండో రౌండులో పదో వరస తగిలింది.
నేను దాన్ని ఎంచుకున్నానా,
అది నన్ను ఏరుకుందా?
ఇచ్చిన నాలుగు ఆప్షన్లూ తప్పే.

చేరిన మూడో వారం.
రాత్రంతా ల్యాబులో మైనం చెక్కి
గోళ్ళలో ప్లాస్టరుతో, తెల్లారకముందే
మార్కెట్ మీదుగా నడిచాను.
శేషమ్మ ఉంది. నోరు బోసి.
"నా పళ్ళేవీ?" అన్నాను
నా పరువేదీ అన్నట్టు.
చిల్లర డబ్బా తెరిచింది.
నాణేల పక్కన, తడిగుడ్డలో, భద్రంగా.
"బేరమప్పుడు పెట్టుకోను తల్లీ.
బోహినోటి ముహల్దాన్ని చూహి
ఎవురూ గీచి అడగరు."

నవ్వాలో అలగాలో తెలియక నిలబడ్డాను.
మూర సన్నజాజి కొలిచి చేతిలో పెట్టి
ఏ చదువులో చేరావంది.
చెప్పాను.
"ప్రోహ్... ప్రోహ్తో..."
నాలుక అందుకోలేకపోయింది.
ఆగమన్నట్టు చెయ్యెత్తి
గుడ్డ విప్పి, పళ్ళు రెండూ తొడుక్కుని
"ప్రోస్థో" అంది,
నా హెచ్ఓడీ కంటే స్పష్టంగా.

ఇంతలో స్కూటరాయన ఒకడు ఆగాడు.
ఆమె చటుక్కున పళ్ళు తీసేసి
డబ్బా మూత బిగించింది.