చెవుల్లేనిది

బిష్కెక్ పాతసామాన్ల సంతలో
దుప్పటి పరిచి కూర్చుంటాడు తొక్తోసున్.
పచ్చ కెపాసిటర్లు పళ్లెంలో, పక్కనే త్రాసు.
వాటి కడుపులో పలాడియం ఉందట,
గ్రాముల లెక్కన కొని కరిగించేవాళ్లు వస్తారు.
గోధుమరంగు ఫిల్మువి అట్టపెట్టెలో.
వాటికి త్రాసు లేదు.

మంచుచెరువు గట్టులో నేనొక జియోఫోన్ పాతాను.
అది మాట్లాడేది మిల్లీవోల్టుల్లో,
జ్వరమొచ్చిన పిల్ల నీళ్లడిగినంత సన్నగా.
మీద కరెంటు తీగ, యాభై హెర్ట్జ్‌ల దగ్గర
పగలూ రాత్రీ ఒకటే గొణుగుడు.
గొణుగుడు ఆగాలి, గట్టు మాట ఆగకూడదు.

లెక్క కష్టమేం కాదు.
పది కిలో ఓములు, ఒక మైక్రోఫారడ్:
పదహారు దాటింది గుమ్మం దగ్గరే అలసిపోతుంది,
ఒక గుమ్మం చాలకపోతే రెండు.
కాగితం మీద మైక్రోఫారడ్ అంటే మైక్రోఫారడే,
దానికి ఊరూ పేరూ ఉండవు.

మొదట ఎలక్ట్రోలిటిక్ పెట్టాను.
డిసెంబరులో దాని లోపలి తడి బిగుసుకుపోయింది.
తర్వాత సిరామిక్. గోరంత బిళ్ల,
చవక, బోర్డు మీద చోటడగదు.

ఒక రాత్రి తెర మీద గీత ఎగిరిపడింది.
గట్టు తెగిందనుకున్నాను.
దిగువన ఎనిమిది ఇళ్లకు ఫోన్ చేశాను.
చంటిపిల్లలతో, గొర్రెలతో
తెల్లారేదాకా మంచులో నిలబడ్డారు.
ఏమీ రాలేదు.
అనార్‌కూల్ ముసలమ్మ గొర్రెపిల్ల ఒకటి పోయింది.

పొద్దున్న గాలికి గుడిసె తలుపు కొట్టుకుంది,
గీత మళ్లీ ఎగిరింది.
పెట్టె బిగించింది ఆ గోడకే.
పెన్సిలు మొనతో బిళ్లను తట్టి చూశాను.
తట్టినప్పుడల్లా గట్టు తెగుతోంది.
గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ
వడకట్టమని కూర్చోబెట్టినదే
తనూ ఒక మాట కలుపుతుందని ఎవరనుకుంటారు?

తొక్తోసున్ నవ్వలేదు.
అట్టపెట్టెలో చెయ్యిపెట్టి
చిక్కుడుగింజంత దాన్ని తీసి గోటితో కొట్టాడు.
"చెవిటిది, బురుల్చా. పదిహేను సోములు.
ముప్పై ఏళ్లుగా దీన్నెవరూ అడగలేదు."

బోర్డులో పట్టలేదు. కాళ్లు వంచి,
పక్కకి పడుకోబెట్టి, జిగురు పెట్టాను.

ఇప్పుడు వారానికోసారి
తలుపు నేనే ధడాల్న వేస్తాను.
గీత కదలదు.
కదలకపోవడం నిశ్శబ్దమో, చెవుడో తెలియదు కదా,
గట్టెక్కి, మంచు మీద మూడుసార్లు కాలు తాటించి,
రొప్పుతూ దిగొస్తాను.
తెర మీద మూడు గుట్టలు, చిన్నవి, నావి.

ఇంకోసారి ఫోన్ చేస్తే
ఆ ఎనిమిది ఇళ్లలో ఎన్ని లేస్తాయో
ఏ లెక్కా చెప్పదు.