అనుభవం: ఒక గొర్రె

కందుకూరు పోస్టాఫీసు సందులో
జిలానీ నెట్ సెంటర్.
పేరు: గుంజి మాలకొండమ్మ.
కొట్టాడు.
పుట్టిన తేదీ చెప్పా.
వేళ్ళు ఆగినయ్.
"నీది కాదక్కా, పాపది చెప్పు."
"నాదే."
ముప్పై ఎనిమిదేళ్ళు
ఆ చిన్న డబ్బాలో
ఎనిమిది అంకెలై ఒదిగి కూర్చున్నయ్.

చదువు: ఇంటర్, బైపీసీ.
పాసైన సంవత్సరం కోసం
జాబితా కిందికి జరిగింది, ఇంకా కిందికి,
ఎండాకాలం బావిలో చేద దిగినట్టు.

అనుభవం? అంది ఫారం.

ఇరవై ఏళ్ళుగా పొగాకు గ్రేడింగు చేస్తన్నా.
ఆకు చేతిలో పడితే చాలు,
పైకోతదా అడుగుకోతదా,
ఏ బారన్లో మంట ఎక్కువైందో
కళ్ళు మూసుకుని చెప్తా.
"అది కాదక్కా. పశువులతో."

పశువులతో అంటే
ఒక గొర్రె.
ఒక్క రాత్రి.

మా వీధి ఓబులేసుది, మూతి చుట్టూ నల్లమచ్చల జోడిపి.
తుఫాను వాన. డాక్టరమ్మ వాగు అవతల.
పిల్ల అడ్డం పడింది.
సన్న చేతులెవరివంటే
అందరూ నా వంక చూశారు.
ఆముదం రాసుకుని లోపలికి పోనిచ్చా.
ఎంత వేడో లోపల!
వేళ్ళకు ఒక కాలు తగిలింది.
ముందరిదో వెనకదో.
ముందుకాలైతే రెండు కీళ్ళూ ఒకే వైపు వంగుతాయని
తర్వాతెప్పుడో డాక్టరమ్మ చెప్పింది.
ఆ రాత్రికి
ఆకు ఈనె తెలుసు నాకు,
గొర్రె ఈనడం తెలీదు.

పిల్ల బతికింది.
తల్లి తెల్లారకముందే పోయింది.
ఓబులేసు ఒక్క మాటా అనలేదు.
గ్లాసులో టీ పోసి ఇచ్చాడు.
తాగా. ఏం చేస్తా, తాగా.

"ఎన్నేళ్ళని వెయ్యాలక్కా?"
సున్నా వెయ్యి.
ఆగు, ఆగు. ఆదివారాలు లెక్కకొస్తాయా?
రెండేళ్ళ ఆదివారాలు పశువుల ఆసుపత్రిలో
గాలికుంటు టీకాల ఐసు డబ్బా మోశా,
నట్టల మందు తాగించా,
బర్రె తన్నితే నెలరోజులు కుంటా.
చిటుకు రోగం, పారుడు రోగం, గొంతువాపు,
వేలం చీటీల వెనక రాసుకున్నా.
డాక్టరమ్మ ఉత్తరం కూడా ఇచ్చింది:
"ఈమె అడుగుతుంది. చెప్పిందాకా వదలదు."
పొగడ్తో ఫిర్యాదో
సంతకం మాత్రం పచ్చ ఇంకుతో పెట్టింది.

ఎంట్రన్సు రోజు ఒంగోల్లో
గదిలోకి అడుగు పెట్టగానే
పిల్లలంతా లేచి నిలబడ్డారు, గుడ్ మార్నింగ్ మేడమ్ అని.
నేను పోయి మూడో బెంచీలో కూర్చుంటే
వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.
పక్క పిల్ల నవ్వలేదు.
నా పెన్ను రాయకపోతే తనది ఇచ్చింది,
చివర కొరికేసిన పెన్ను.

"అక్కా, అడుగున ఎర్రక్షరాల్లో ఏందో ఉంది.
వయసు సంగతి.
కట్టిన ఫీజు తిరిగి రాదంట. చూసుకో."

చూశా.
రెండుసార్లు చదివా.
వేలంలో పాట పడని బేలును
ఇంటికి తెచ్చుకుంటాం జిలానీ,
విప్పి, ఆరబెట్టి, మళ్ళీ కట్టి
మళ్ళీ తీసుకుపోతాం.
ఒక్కోసారి రెండోసారీ పాట పడదు.
అదీ తెలుసు.

కొట్టు.

తెర మీద చిన్న గుండ్రం
గానుగ తిరిగినట్టు తిరుగుతా ఉంది.
"నెట్టు స్లోగా ఉందక్కా," అన్నాడు జిలానీ.
బయట టీకొట్టు కాడ
ఎవరిదో మేక దగ్గింది.
పొడి దగ్గా, కళ్ళె ఉందా
అని చెవి అటు పెట్టా.