ఆకు గుర్తు

మొన్న రాత్రి సిరోంచల కరెంటున్న ఆ మూడు గంటల్లనే
లాప్‌టాప్ తనంతట తాను కొత్తదయింది.
ఆపొద్దన్నది. ఆపలే.
తెల్లారి తెరిస్తే అన్నీ ఉన్నయి,
ఫారాలు, ఫొటోలు, మరాఠీ అక్షరాలు,
మా చిన్నది గీసిన మూడు కాళ్ల కోడిపుంజు.
ఒక్క టైమే లేదు.

ఇదివరకు కింద మూలకు బాణం పెడితే
ఇంక గంటా నలభై నిమిషాలు అని చెప్పేది.
అబద్ధమే. నాకెరుకే.
గంటా నలభై అంటే గంటకు పట్టుకునేటోణ్ణి,
మా మామ రేపిస్త అంటే
వచ్చే అంగడికి అనుకున్నట్టు.
అబద్ధానికి సుత ఒక లెక్కుంటది,
అలవాటైతే
దాన్ని నమ్ముకొని ఊళ్లు తిరగొచ్చు.

ఇప్పుడొక తెల్ల బొమ్మ. గోరంత.
అంకె లేదు, నిమిషం లేదు.
బాణం పెడితే
బ్యాటరీ మంచిగనే ఉన్నది అంటది.
దాని ఆరోగ్యం ఎవడడిగిండు?

అంకీసా దాటి ఇంకా లోపలికి,
స్తంభాలొచ్చి తీగెలు రాని ఊరు.
ఆకు కల్లం కాడ రేకుల షెడ్డు,
తునికాకు బోనసు ఫారాలు,
ఇరవై ముగ్గురు వరుసల కూసున్నరు.
వాళ్లు తెలుగుల చెప్తరు,
నేను మరాఠీల కొడుత,
అది ఇంగ్లీషుల గునుస్తది.

ఎనిమిది మంది అయిన్రు.
తొమ్మిదోది జాడి నంబక్క.
ఆమె వేలు మిషన్ పట్టలే.
కొంగుకు తుడిచింది, పెట్టింది.
నోట్ల తడి చేసింది, పెట్టింది.
ఎడమ చెయ్యి. బొటనవేలు. చూపుడువేలు.
ఒక్కో వేలికి అది ఎంత తాగుతున్నదో
నా కండ్లు ఆమె వేలు మీద లేవు,
మూలకున్నయి.

"ఇంకెంత ఉన్నది బిడ్డా అండ్ల?"
"ఏమో."
"నీదే గదా?"
"నాదే."
"ఊపి సూడు మరి."

గ్యాసునూనె సీసా అట్లనే చూసేదట,
చెవి కాడ పెట్టి, చీకట్ల,
దీపం ఎంతసేపు నిలుస్తదో చెప్పేదట.
వరుసంత నవ్వింది. నేనూ నవ్విన.
అందరు నీళ్లకు లేచినప్పుడు
కొంచెం ఎత్తి
ఊపిన.

మళ్లొచ్చి చూస్తే బొమ్మ మీద చిన్న ఆకు మొలిచింది.
ఎందుకొచ్చిందో, మంచికో చెడుకో,
చెప్పే దిక్కు లేదు.
నంబక్క వంగి చూసింది.
కట్టకు ఎన్ని ఆకులో
కండ్లు మూసుకొని వేళ్లతోటి చెప్పే మనిషి.
"ఇదేం ఆకు?
ఈనె లేదు, మందం లేదు.
ఇసొంటిది కల్లంల తీస్కోరు, పక్కకేస్తరు."

జాడి నం
అని కొట్టిన.
నల్లగయింది.

పదిహేను మంది నన్ను చూసిన్రు.
నేను నల్ల అద్దంల నన్ను చూసుకున్న.

రాత్రి ఇంటికాడ వైరు పెట్టి వెతికిన.
పక్కింటి ప్రశిక్ సెట్టింగుల్ల ఉంటదన్నడు.
ఒక తలుపు లోపల ఇంకో తలుపు, ఏడో తలుపు కాడ
వారం రోజుల పట్టీ దొరికింది.
సోమవారం ఎంత తిన్నది, మంగళవారం ఎంత తిన్నది,
ఏ గంటకు ఎంత, రంగురంగుల గీతలు.
అయిపోయినదాని లెక్క
నిమిషాలతోని సహా ఉన్నది.
ఉన్నదాని లెక్కే లేదు.
ప్రశిక్ ఇది చాలా అడ్వాన్స్ అన్నడు.
వానికి చాయ్ పోసి పంపిన.

మా ఆమె మందులపెట్టెల నుంచి
ఇంత తెల్ల పట్టీ చింపి
మూత మీద అతికించి పెన్నుతోటి రాసిన,
నిండుగ ఉంటే ఎనిమిది మంది.
కింద, ఇంకా చిన్నగ,
వేళ్లరిగినోళ్లయితే ఆరుగురే.
రేపు ముందు నంబక్క.